రెస్ట్‌లెస్ లెగ్స్‌కి ఓపియాయిడ్ వాడుతుంటే వచ్చే పగటి మగత, మలబద్ధకం, వికారం: దేనికి ఏం చేయాలి

ప్రశ్న క్లుప్తంగా ఇది. రెస్ట్‌లెస్ లెగ్స్, అంటే ఊరికే కూర్చున్నా పడుకున్నా కాళ్లు గుంజి, కదపకుండా ఉండలేని జబ్బు, ఉంది. ప్రామిపెక్సోల్, రోపినిరోల్ లాంటి డోపమిన్ మందులు కొన్నేళ్లు వాడాక అవే వికటించి, కాళ్ల గుంజుడు సాయంత్రం నుంచి మధ్యాహ్నానికి పాకింది. డాక్టరు వాటిని మాన్పించి తక్కువ మోతాదులో ఓపియాయిడ్ (నల్లమందు జాతి మందు) మొదలుపెట్టారు. ఇప్పుడు రాత్రి కాళ్లు కుదురుగా ఉంటున్నాయి. కానీ పగలంతా మగత, బుర్ర మొద్దుబారినట్టు ఉండటం, కడుపులో తిప్పడం, మలబద్ధకం. మోతాదు తగ్గిస్తే కాళ్లు మళ్లీ మొదలు. ఏది వదులుకోవాలి?

చాలామంది విషయంలో ఏదీ వదులుకోనక్కర్లేదు. అయితే మోతాదు జోలికి వెళ్లేముందు గడియారం చూడాలి. ఈ జబ్బుకి వాడే మోతాదులు చిన్నవి. మెథడోన్ అయితే ఎక్కువమందికి రోజుకి 5 నుంచి 10 మి.గ్రా., నాలుక కింద పెట్టుకునే బ్యుప్రెనార్ఫిన్ 0.5 నుంచి 6 మి.గ్రా., నెమ్మదిగా విడుదలయ్యే ఆక్సికోడోన్ 10 నుంచి 30 మి.గ్రా. సరిపోతుంది. ఇంత తక్కువ మందుతో మనిషి రోజంతా జోగుతున్నాడంటే, ఆ మందు తప్పు వేళకి పడుతూ ఉండాలి, లేదా పక్కన ఇంకేదో తోడవుతూ ఉండాలి. అది తేల్చకుండా మోతాదు కోస్తే కాళ్లూ చెడతాయి, మగతా పోదు.

అందుకని పది రోజులు ఒక కాగితం మీద రాయండి. ఓపియాయిడ్ ఎన్ని గంటలకి వేసుకున్నారు, ఇంకా ఏ మాత్రలు ఎప్పుడు వేసుకున్నారు (జలుబు మాత్ర, నిద్ర మాత్ర కూడా వదలకుండా), ఉదయం 8కి, 11కి, మధ్యాహ్నం 2కి, సాయంత్రం 5కి మగత సున్నా నుంచి పదిలో ఎంత, ఆ వేళల్లోనే కాళ్లు ఎలా ఉన్నాయి, విరేచనం అయిందా లేదా. అంతే. పది రోజుల కాగితంలో కారణం చాలావరకు కళ్లకి కనబడుతుంది.

ఉదయం 8కి మగత 7, 11కి 3, మధ్యాహ్నం 2కి 1 అని ఉంటే, రాత్రి మందు పొద్దుటికి మిగిలిపోతోందని అర్థం. నెమ్మదిగా విడుదలయ్యే ఆక్సికోడోన్ సుమారు 12 గంటలు పనిచేస్తుంది కాబట్టి రాత్రి 10కి వేసుకుంటే మర్నాడు 10 దాకా ఉంటుంది. దాన్ని సాయంత్రం 7కి జరిపితే మోతాదు మారకుండానే ఉదయం తేలికపడుతుంది. సాయంత్రం నుంచే కాళ్లు ఇబ్బంది పెట్టేవాళ్లకి ఇది రెండు విధాలా లాభం. ఒక్కటి గుర్తుంచుకోండి. ఇలాంటి మాత్రని విరవకూడదు, నమలకూడదు, పొడి చేయకూడదు. 12 గంటల మందు ఒక్కసారిగా రక్తంలోకి దిగి ప్రాణం మీదికి వస్తుంది.

మెథడోన్ లెక్క వేరు. రక్తంలో అది సగానికి తగ్గడానికి పట్టే సమయం మనిషిని బట్టి 8 గంటల నుంచి 59 గంటల దాకా మారుతుంది. మొదటి రోజు ఏమీ అనిపించని 5 మి.గ్రా. ఐదో రోజుకి పేరుకుని తూగు తెప్పించవచ్చు. మోతాదు పెంచాక మూడో రోజు ‘ఇంకా చాలట్లేదు’ అని మళ్లీ పెంచడం ప్రమాదకరం. కనీసం ఐదారు రోజులు ఆగి, అప్పటికి స్థిరపడిన స్థితిని చూసే నిర్ణయించాలి. పెంచాక వచ్చిన మగత ఒకటి రెండు వారాల్లో దానంతటదే తగ్గడం మామూలే, కాబట్టి ఆ రెండు వారాలు బండి నడపకుండా ఉండి వేచి చూడటం తొందరపడి మందు మార్చడం కంటే మేలు.

ఇప్పుడు దీనికి తలకిందులుగా ఉండే కాగితం చూడండి. ఉదయం బాగానే ఉంటుంది. మధ్యాహ్నం రెండు మూడు గంటలకి ఆవులింతల మీద ఆవులింతలు, ముక్కు కారడం, ఒళ్లు గగుర్పొడవడం, చెమట, కారణం లేని కంగారు, కడుపులో గడబిడ. కాళ్లతో పాటు చేతులు కూడా నిలవవు. ఇది మందు ఎక్కువై వచ్చిన బాధ కాదు. రెండు మోతాదుల మధ్య మందు అయిపోయి వస్తున్న విత్‌డ్రాయల్, అంటే అలవాటైన మందు అందక ఒళ్లు తిరగబడటం. నాలుగు నుంచి ఆరు గంటలే పనిచేసే మామూలు ఆక్సికోడోన్, కోడీన్, ట్రమడాల్ వాడేవాళ్లలో ఇది తరచుగా కనబడుతుంది. దీన్ని ‘సైడ్ ఎఫెక్ట్’ అనుకుని మోతాదు తగ్గిస్తే ఇంకా ముదురుతుంది. జబ్బే పెరిగిందనుకుని మధ్యలో అదనపు మాత్ర వేసుకుంటే రోజంతా ఎక్కడం దిగడంగా తయారవుతుంది. సరైన దారి, ఎక్కువసేపు నిలిచే మందుకి మారడం గురించి డాక్టరుతో మాట్లాడటం. ట్రమడాల్ గురించి విడిగా చెప్పాలి. డోపమిన్ మందుల్లాగే కాళ్ల బాధని ముందు వేళలకి, పై అవయవాలకి పాకించే గుణం ఓపియాయిడ్లలో దీనికి ఉన్నట్టు నమోదైంది. ట్రమడాల్ వేసుకుంటూ ఉంటే బాధ నెలనెలా ముందుకి జరుగుతోందంటే మోతాదు పెంచకండి, మందు మార్పు అడగండి.

మూడో రకం కాగితం అందరినీ తికమక పెడుతుంది. కాళ్లు కదలవు, నొప్పి లేదు, అయినా రాత్రి 2 దాకా కళ్లు విప్పుకునే ఉంటారు. మర్నాడు తూగు. కొందరికి, ముఖ్యంగా మెథడోన్, బ్యుప్రెనార్ఫిన్ వాడేవాళ్లలో, ఓపియాయిడ్ నిద్ర పట్టించకపోగా మెలకువ తెస్తుంది. పగటి మగతకి కారణం అక్కడ మందు మత్తు కాదు, నిద్ర అప్పు. ఈ తేడా పట్టుకోకపోతే మోతాదు తగ్గించడం, పెంచడం రెండూ తప్పే అవుతాయి. ఇలాంటివాళ్లకి మోతాదుని ముందుకి జరపడం పనిచేస్తుంది. రాత్రి 10కి వేసుకునే మెథడోన్ సాయంత్రం 5కి, లేదా మొత్తాన్ని రెండు భాగాలు చేసి ఒకటి పొద్దున, ఒకటి సాయంత్రం. ఈ రెండు మందులూ శరీరంలో చాలాసేపు నిలుస్తాయి కాబట్టి రాత్రికి కాళ్ల రక్షణ అంతగా తగ్గదు. కొన్ని వారాల్లో ఈ మెలకువ గుణం చాలామందిలో మెత్తబడుతుంది.

రోజంతా ఒకే తీరుగా, 8కి 5, 2కి 5, 5కి 5 అని ఉంటే మిగతా మాత్రల జాబితా బయటికి తీయండి. గాబాపెంటిన్ లేదా ప్రీగాబాలిన్, పైన క్లోనజెపామ్, వీటి మీద ఓపియాయిడ్: ఈ కలయిక ఈ జబ్బులో చాలా మామూలు, పగటి మగతలో సింహభాగం కూడా తరచుగా దీనిదే. క్లోనజెపామ్ సగానికి తగ్గడానికే 30 నుంచి 40 గంటలు పడుతుంది, అంటే రాత్రి మాత్ర మర్నాడు సాయంత్రం కూడా ఒంట్లో ఉంటుంది. ఇబ్బంది మగతతో ఆగదు. ఓపియాయిడ్‌తో బెంజోడయాజెపీన్లు (క్లోనజెపామ్ జాతి మందులు) కలిపితే ఊపిరి మందగించే ప్రమాదం ఉందని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2016లో అత్యంత తీవ్రమైన హెచ్చరిక పెట్టింది. గాబాపెంటిన్, ప్రీగాబాలిన్ గురించి కూడా 2019 డిసెంబరులో హెచ్చరించింది. ఓపియాయిడ్ కాళ్లని పట్టుకున్నాక ముందు తగ్గించాల్సినవి సాధారణంగా ఈ పక్క మందులే. కానీ వీటినీ ఒక్కసారిగా ఆపకూడదు. క్లోనజెపామ్ హఠాత్తుగా మానితే ఫిట్స్ రావచ్చు. డాక్టరు చెప్పిన మెట్ల ప్రకారం వారాల తరబడి దించాలి. మద్యం సంగతి చెప్పనక్కర్లేదు, ఈ మందుల మీద ఒక్క గుక్క కూడా వద్దు.

పక్క మందులు లేకపోయినా రోజంతా మగత, లేవగానే తలనొప్పి, ఎంత పడుకున్నా పడుకున్నట్టు ఉండకపోవడం ఉంటే నిద్రలో శ్వాస పరీక్ష చేయించుకోవాలి. ఓపియాయిడ్లు మెదడు నుంచి ఊపిరికి వెళ్లే ఆజ్ఞని మందగింపజేస్తాయి. దీన్ని సెంట్రల్ స్లీప్ ఆప్నియా అంటారు. గొంతు మూసుకుపోయి వచ్చే మామూలు గురక రకానికీ దీనికీ తేడా ఉంది. ఇందులో గురక లేకపోవచ్చు కూడా. పక్కన పడుకునేవాళ్లని ఒక రాత్రి గమనించమనండి: ఊపిరి పది సెకన్లకి మించి ఆగి మళ్లీ మొదలవుతోందా అని. ముందు నుంచే ఆప్నియా ఉండి మాస్కు వాడేవాళ్లు ఓపియాయిడ్ మొదలయ్యాక మళ్లీ పరీక్ష చేయించుకోవాలి, పాత సెట్టింగు సరిపోకపోవచ్చు.

మలబద్ధకానికి వద్దాం, ఎందుకంటే అందరూ దీన్నే తేలిగ్గా తీసుకుంటారు. మగతకి, వికారానికి శరీరం అలవాటు పడుతుంది. మలబద్ధకానికి పడదు. పేగు గోడలో ఉన్న ఓపియాయిడ్ గ్రాహకాలు కదలికని ఆపేస్తాయి, నిలిచిపోయిన మలంలో నీరంతా పేగు పీల్చేస్తుంది. మందు వాడినంత కాలం ఇది జరుగుతూనే ఉంటుంది. కాబట్టి బిగుసుకున్నాక మందు వేసుకోవడం కాదు, ఓపియాయిడ్ మొదటి రోజు నుంచే రోజూ వేసుకోవాలి. మాక్రోగాల్ పొడి, అంటే పాలీఇథిలీన్ గ్లైకాల్, 17 గ్రాములు ఒక పెద్ద గ్లాసు నీళ్లలో కలిపి రోజుకొకసారి. ఇది మలంలో నీటిని నిలుపుతుంది, కానీ పేగుని కదిలించదు. అందుకని రాత్రి పడుకునేముందు 8.6 మి.గ్రా. సెన్నా మాత్ర ఒకటి లేదా రెండు. అది 6 నుంచి 12 గంటల్లో పనిచేస్తుంది కాబట్టి పొద్దున్నే ఫలితం తెలుస్తుంది. నెమ్మదిగా రెండూ సర్దుకోండి: మెత్తగా ఉన్నా రాకపోతే సెన్నా పెంచాలి, గట్టిగా ఉంటే మాక్రోగాల్ పెంచాలి.

ఇసబ్గోల్ లాంటి పీచు పొడులు ఇక్కడ మేలు కంటే కీడు చేయవచ్చు. కదలని పేగులో పీచు ఉబ్బి ముద్దగా అడ్డుపడుతుంది. మలాన్ని మెత్తబరిచే డాక్యుసేట్ ఒక్కదానితో పెద్ద ఉపయోగం లేదు. మెగ్నీషియం విరేచనకారులు మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లు వాడకూడదు. రెండు రోజులు రాకపోతే మూడో రోజు బిసాకోడిల్ 5 లేదా 10 మి.గ్రా. వేసుకోవచ్చు. ఇంకో మోసం ఉంది. నాలుగైదు రోజులు బిగించి, హఠాత్తుగా నీళ్ల విరేచనం మొదలైతే సంతోషించకండి. గట్టి ముద్ద పక్క నుంచి నీరు జారుతోందని అర్థం కావచ్చు. అప్పుడు విరేచనాలు ఆపే మాత్ర వేసుకుంటే పరిస్థితి విషమిస్తుంది. కడుపు ఉబ్బి, నొప్పితో వాంతులవుతుంటే ఇంట్లో ఏ విరేచన మందూ వేసుకోకుండా ఆసుపత్రికి వెళ్లాలి.

ఇవి రెండు మూడు వారాలు సరిగ్గా వాడినా లాభం లేకపోతే నలోక్సెగాల్ 25 మి.గ్రా. లేదా నాల్డెమెడిన్ 0.2 మి.గ్రా. గురించి అడగండి. ఇవి పేగులో ఓపియాయిడ్‌ని అడ్డుకుంటాయి. మెదడులోకి దాదాపుగా చేరవు కాబట్టి కాళ్లకి వచ్చిన ఉపశమనం పోదు. నలోక్సెగాల్ ఉదయం, తిండికి గంట ముందు వేసుకోవాలి. పేగులో అడ్డంకి అనుమానం ఉంటే రెండూ పనికిరావు. ఆక్సికోడోన్‌తో నలోక్సోన్ (ఓపియాయిడ్‌కి విరుగుడు) కలిపిన మాత్ర కూడా ఉంది. తీవ్రమైన రెస్ట్‌లెస్ లెగ్స్‌లో దాన్ని 12 వారాలు పరీక్షించిన ఫలితాలు 2013లో వచ్చాయి. బాధ బాగా తగ్గింది, కానీ నలోక్సోన్ ఉన్నా మలబద్ధకం పూర్తిగా పోలేదు. కాబట్టి ఆ మాత్ర మీద ఉన్నా మాక్రోగాల్ పక్కన ఉంచుకోవడమే మంచిది.

ఇప్పుడు చెప్పేది ఈ జబ్బుకి మాత్రమే ప్రత్యేకమైన చిక్కు. ఓపియాయిడ్ ఇబ్బందులకి మామూలుగా రాసే మందుల్లో కొన్ని కాళ్లని రెచ్చగొడతాయి. వికారానికి మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, ప్రోమెథజిన్ ఇస్తారు. మూడూ మెదడులో డోపమిన్‌ని అడ్డుకునేవే. ఒక్క మాత్రతోనే ఆ రాత్రి కాళ్లు భరించలేనంతగా గుంజవచ్చు. దురదకి, నిద్రకి, జలుబుకి ఇచ్చే డైఫెన్‌హైడ్రమిన్, హైడ్రాక్సిజిన్, క్లోర్‌ఫెనిరమిన్ కూడా అంతే. దగ్గు సిరప్పుల్లో, ‘రాత్రి వేసుకునే’ జలుబు మాత్రల్లో ఇవి దాగి ఉంటాయి, సీసా వెనక పేర్లు చదవండి. తెలియక ఇవి వేసుకుని, కాళ్లు పెరిగాయని ఓపియాయిడ్ పెంచి, దాంతో వికారం పెరిగి మళ్లీ అదే మాత్ర వేసుకునే వలయంలో పడితే బయటపడటం కష్టం. మనసు బాగాలేదని ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ రకం మందులు, మిర్టజపిన్, అమిట్రిప్టిలిన్ కూడా చాలామందిలో కాళ్లని చెడగొడతాయి. బ్యుప్రొపియాన్‌తో ఆ బెడద తక్కువ, కానీ ట్రమడాల్‌తో కలిస్తే ఫిట్స్ ప్రమాదం పెరుగుతుంది.

మరి వికారానికి ఏం చేయాలి? చాలావరకు మొదటి వారం పది రోజుల్లో తగ్గిపోతుంది. మాత్ర వేసుకున్న గంటన్నర రెండు గంటల దాకా తల కదలికలు తగ్గించి, కూర్చుని లేదా పడుకుని ఉంటే సగం పోతుంది. ఓపియాయిడ్ లోపలి చెవిలోని సమతుల్య వ్యవస్థని కదిలిస్తుంది, నడుస్తుంటే అందుకే ఎక్కువవుతుంది. కాస్త తిన్నాక వేసుకోవడం కొందరికి మంచిది. మందు కావాలంటే ఒండాన్‌సెట్రాన్ 4 మి.గ్రా. కాళ్ల జోలికి రాదు. కానీ అది మలబద్ధకం పెంచుతుంది, గుండె ఈసీజీలో క్యూటీ విరామాన్ని పొడిగిస్తుంది, అది మరీ పొడవైతే గుండె లయ తప్పవచ్చు. మెథడోన్ కూడా అదే పని చేస్తుంది కాబట్టి ఆ రెండూ కలిపి వాడేముందు ఈసీజీ తప్పనిసరి. డాంపెరిడోన్ మెదడులోకి పెద్దగా వెళ్లదు కాబట్టి కాళ్లకి పర్వాలేదు, కానీ క్యూటీ చిక్కు దానికీ ఉంది. మెథడోన్ వాడేవాళ్లు మొదలుపెట్టకముందు ఒకసారి, మోతాదు స్థిరపడ్డాక ఒకసారి ఈసీజీ తీయించుకోవాలి. సరిదిద్దిన క్యూటీ 500 మిల్లీసెకన్లు దాటితే ఆ మందు కొనసాగించడం గురించి వెంటనే మాట్లాడాలి.

దురదకి ఫెక్సోఫెనడిన్ వాడవచ్చు. అది మెదడులోకి దాదాపుగా వెళ్లదు. పండ్ల రసంతో వేసుకుంటే ఒంటికి పట్టదు, నీళ్లతో వేసుకోండి. ఒళ్లంతా దద్దుర్లు, పెదవుల వాపు, ఊపిరాడకపోవడం ఉంటే అది మామూలు దురద కాదు, అలర్జీ. చెమటలు, నోరు ఎండటం మోతాదు ఉన్నంత కాలం కొంత ఉంటాయి.

నాలుక కింద బ్యుప్రెనార్ఫిన్ వాడేవాళ్లు పళ్ల విషయంలో జాగ్రత్త పడాలి. పళ్లు పుచ్చిపోవడం, ఊడిపోవడం గురించి ఎఫ్‌డీఏ 2022 జనవరిలో హెచ్చరించింది. మాత్ర పూర్తిగా కరిగాక గుక్కెడు నీళ్లు నోట్లో మెల్లగా తిప్పి మింగండి. తర్వాత కనీసం గంట ఆగి బ్రష్ చేయండి. మెత్తబడిన ఎనామిల్ మీద వెంటనే బ్రష్ రుద్దితే అరుగుతుంది. మాత్ర మింగేస్తే మందులో చాలా తక్కువే రక్తానికి చేరుతుంది, అప్పుడు ‘పనిచేయట్లేదు’ అనిపిస్తుంది.

నెలల తరబడి నీరసం, కామేచ్ఛ తగ్గడం, ఉత్సాహం లేకపోవడం ఉంటే మగవాళ్లు ఉదయం 8 నుంచి 10 మధ్య టెస్టోస్టిరాన్ పరీక్ష చేయించుకోవాలి. దీర్ఘకాలం వాడితే ఓపియాయిడ్లు ఆ హార్మోన్‌ని తగ్గిస్తాయి. ఆడవాళ్లలో నెలసరి తప్పడం ఇదే కారణంతో కావచ్చు.

వేళలు మార్చినా, పక్క మందులు తగ్గించినా పగలు భారంగానే ఉంటే, ఓపియాయిడ్ అవసరాన్నే తగ్గించే మార్గం ఒకటుంది: ఐరన్. ఈ జబ్బులో రక్తం బాగానే ఉన్నా మెదడులో ఐరన్ తక్కువగా ఉండవచ్చు. అందుకే హిమోగ్లోబిన్ బాగుందంటే సరిపోదు. ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ), ట్రాన్స్‌ఫెరిన్ శాచురేషన్ (రక్తంలో ఐరన్‌ని మోసే ప్రొటీన్ ఎంత నిండిందో) పరీక్ష పరగడుపున, ఐరన్ మాత్ర ముందురోజు మానేసి, ఉదయం చేయించుకోండి. మామూలు మనుషులకి ఫెరిటిన్ 30 ఉన్నా ‘నార్మల్’ అని రిపోర్టు వస్తుంది, కానీ ఇక్కడ ఫెరిటిన్ 75 లేదా అంతకంటే తక్కువ, లేదా శాచురేషన్ 20 శాతం కంటే తక్కువ ఉంటే చికిత్స చేయాలి. 75కి 100కి మధ్య ఉన్నవాళ్లకి సెలైన్ ద్వారా ఐరన్ ఎక్కించడం ఆలోచిస్తారు, ఆ స్థాయిలో మాత్రలు ఒంటికి పట్టడం కష్టం. ఓపియాయిడ్ వాడేవాళ్లకి ఐరన్ మాత్రలు మలబద్ధకాన్ని రెట్టింపు చేస్తాయి కాబట్టి సెలైన్ మార్గం ఇంకో విధంగా కూడా మేలు. ఫలితం వారం లోపు వెతకకండి, 4 నుంచి 12 వారాలు పడుతుంది. ఫలితం వచ్చాకే ఓపియాయిడ్ తగ్గించడం మొదలుపెట్టాలి. నెలకి పదో వంతు చొప్పున దించితే కాళ్లు ఎదురు తిరగకుండా ఉండే అవకాశం ఎక్కువ. హఠాత్తుగా ఆపితే విత్‌డ్రాయల్‌తో పాటు కాళ్ల బాధ కొన్ని రోజులు మునుపటి కంటే ఘోరంగా ఉంటుంది.

వేరే ఓపియాయిడ్‌కి మారాల్సి వస్తే లెక్క సొంతంగా కట్టకండి. ఒక మందుకి అలవాటు పడ్డ ఒళ్లు ఇంకో మందుకి అంతే అలవాటు పడి ఉండదు. అందుకే పట్టికలో వచ్చిన సమాన మోతాదుని డాక్టర్లు నాలుగో వంతు నుంచి సగం దాకా తగ్గించి మొదలుపెడతారు. మెథడోన్‌కి ఆ పట్టికలు మరీ నమ్మదగ్గవి కావు. ఇంకో ఓపియాయిడ్ ఒంట్లో ఉండగానే బ్యుప్రెనార్ఫిన్ వేసుకుంటే అది ఉన్నదాన్ని తోసేసి విత్‌డ్రాయల్ తెప్పించవచ్చు, ఎన్ని గంటలు ఆగాలో ముందే అడగండి.

కొత్తగా ఏ మందు వచ్చినా ఓపియాయిడ్ వాడుతున్నట్టు చెప్పండి. క్లారిథ్రోమైసిన్, ఎరిథ్రోమైసిన్, ఫ్లుకొనజోల్ లాంటివి మెథడోన్, ఆక్సికోడోన్ మోతాదుని శరీరంలో పెంచుతాయి. నెలల తరబడి బాగున్న మనిషి ఐదు రోజుల యాంటీబయాటిక్‌తో జోగడం మొదలుపెడితే కారణం ఇదే కావచ్చు. రిఫాంపిసిన్, కార్బమజెపిన్, ఫెనిటాయిన్ తగ్గిస్తాయి, అప్పుడు కాళ్లూ విత్‌డ్రాయలూ కలిసి వస్తాయి. మగతకి మొడాఫినిల్ అడిగేవాళ్లకి ఒక మాట: అది కూడా కొంతమేర ఈ తగ్గించే జాబితాలోనిదే, పైగా నిద్రలో ఊపిరి సమస్యని కప్పిపుచ్చుతుంది. శ్వాస పరీక్ష అయ్యాకే దాని గురించి ఆలోచించాలి.

ఇంట్లో ముక్కులో కొట్టే నలోక్సోన్ ఒకటి ఉంచుకుని, ఎక్కడ ఉందో, ఎలా కొట్టాలో తోడు ఉండేవాళ్లకి చూపించండి. పిలిచినా, గట్టిగా కదిపినా లేవకపోవడం, ఊపిరి నిమిషానికి పదికంటే తక్కువ పడటం, పెదవులు నీలిరంగుకి తిరగడం, గొంతులో గురగుర చప్పుడు కనబడితే వెంటనే నలోక్సోన్ కొట్టి అంబులెన్సుకి ఫోన్ చేయాలి. లేచి కూర్చున్నా ఆసుపత్రికి వెళ్లాల్సిందే, ఎందుకంటే నలోక్సోన్ ప్రభావం అరగంట నుంచి గంటన్నరలో దిగిపోతుంది, మెథడోన్ మాత్రం ఇంకా రోజంతా ఒంట్లోనే ఉంటుంది.